పిల్లలతో సెలవులకు కొండా, సిటీనా? సిటీ అయితే ఏ సిటీ?

మాది తెనాలి. ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే చర్చ, సెలవులకు ఎక్కడికి అని. మా ఆయన ఊటీ అంటారు. అత్తయ్యగారు తిరుపతి అంటారు. పదేళ్ల మా పెద్దది విమానం ఎక్కాలంటుంది. ఆరేళ్ల చిన్నాడికి ఎక్కడికైనా ఒకటే, అక్కడ లిఫ్ట్ ఉంటే చాలు. మూడేళ్ల కిందట "ఏదైనా పెద్ద సిటీకి పోదాం" అని నేను మొదటిసారి అన్నప్పుడు మా ఆడపడుచు పకపకా నవ్వింది. "ట్రాఫిక్ చూడ్డానికి డబ్బులు పెట్టి వెళ్లాలా వదినా?" అని.

అప్పటి నుంచి నాలుగు సిటీలు, రెండు కొండ ఊళ్లు తిరిగాం. కొండల్లో తేలింది ఇది: అందమైన దృశ్యం పెద్దవాళ్లకి. వ్యూ పాయింట్ దగ్గర కారు దిగి మేం లోయ చూస్తూ "ఆహా" అనుకుంటుంటే, చిన్నాడు రెండు నిమిషాలు చూసి "అయిపోయిందా?" అన్నాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో పెద్దదానికి వాంతులు. మూడు రోజుల్లో వాళ్లకి గుర్తున్నది మెట్టుపాళయం నుంచి ఊటీ ఎక్కిన బుల్లి రైలు, హోటల్లో రాత్రి వేసిన చలిమంట, అంతే. అరకు కాస్త వేరే సంగతి. విశాఖ నుంచి ఆ రైలెక్కితే సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా పిల్లల కేకలే, వాళ్ల టికెట్ డబ్బులు అక్కడే వసూలు.

అంటే పిల్లలకి కావలసింది కదిలేది, మోగేది, ముట్టుకోదగ్గది. అవి సిటీలో అడుగడుగునా ఉంటాయి. మనలాంటి చిన్న ఊళ్ల పిల్లలకైతే ఎస్కలేటర్ కూడా ఒక ఆటే. ఇంకో సుఖం ఏమిటంటే, సిటీలో పిల్లాడికి రాత్రి పదకొండుకి జ్వరం వచ్చినా మందుల షాపు దొరుకుతుంది, పెరుగన్నం దొరుకుతుంది. వాన పడితే మ్యూజియంలోకి దూరొచ్చు. కొండ మీద వాన పడితే గదిలో కూర్చుని ఫోన్ చూడాల్సిందే.

అలాగని అందరికీ సిటీ పనికిరాదు. మూడేళ్లలోపు పిల్లలుంటే డబ్బు దండగ, అమ్మమ్మ గారింటికి వెళ్లండి. హోరుకి బెదిరే పిల్లలుంటారు, వాళ్లకి సముద్రపు ఒడ్డే మేలు. మీకే నడుం వాల్చి నిద్రపోవాలని ఉంటే సిటీ వద్దు, తిరిగొచ్చాక ఇంకో సెలవు కావాల్సి వస్తుంది.

ముందు క్యాలెండర్ చూడండి

ఊరు ఎంచుకోవడంలో చాలామంది తప్పేది ఇక్కడే. మన బళ్లకి పెద్ద సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే చెన్నై, ఢిల్లీ, కోల్‌కతా ఉడికిపోతుంటాయి. ముంబైలో ఉక్కపోత, జూన్ రాగానే వాన. హైదరాబాద్‌లో ఎండ నలభై దాటుతుంది, కాకపోతే మన కోస్తా చెమట అక్కడుండదు. వేసవిలోనే వెళ్లక తప్పదంటే నా ఓటు బెంగళూరుకి. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి మే నెలలో కూడా సాయంత్రం పార్కులో కూర్చోవచ్చు.

దసరా సెలవులు ఢిల్లీకి, హైదరాబాద్‌కి బాగుంటాయి. కోల్‌కతాకి మాత్రం చిన్నపిల్లలతో దసరాకి వెళ్లకండి. దుర్గాపూజ జనంలో పెద్దవాళ్లకే ఊపిరాడదు, పిల్లాడి చెయ్యి వదిలితే అంతే. ఇక సంక్రాంతి రోజులు చెన్నైకి, కోల్‌కతాకి శుభ్రంగా ఉంటాయి, కానీ పండగకి ఊరు వదిలి వెళ్తామంటే అత్తయ్యగారు ఊరుకుంటారా? మేం పండగ ఇంట్లోనే చేసుకుని, కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజూ కదలకుండా, ముక్కనుమ నాడు రైలెక్కాం. పెద్దదానికి బడి నాలుగు రోజులు పోయింది. టీచరుగారికి ఉత్తరం రాసి ఇచ్చాను.

హైదరాబాద్: మొదటిసారికి ఇదే

పిల్లలకి మొట్టమొదటి సిటీ అయితే ఆలోచించకుండా హైదరాబాద్. బోర్డులు తెలుగులో ఉంటాయి, దారి తప్పినా పిల్లలు నోరు తెరిచి అడగగలరు. ఐదారేళ్ల వాళ్లకి జూ పార్కు చాలు. 380 ఎకరాలు, కాళ్లు పీకుతాయి, కాబట్టి గేటు దగ్గరే బ్యాటరీ బండి సంగతి చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటితే గోల్కొండ. ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైన బాలా హిసార్ దగ్గర వినిపిస్తాయని పుస్తకాల్లో చదవడం వేరు. మా ఆయన, చిన్నాడు కింద, నేను, పెద్దది పైన నిలబడి, ఫోన్లో "ఇప్పుడు కొట్టండి" అని చెప్పి వినడం వేరు. మొత్తం 360 దాకా మెట్లు. పొద్దున్నే ఎక్కాలి.

సాలార్‌జంగ్ మ్యూజియం గురించి కాస్త ఎక్కువ చెప్తాను. అన్ని గదులూ చూపించాలని చూడకండి, పిల్లలు మూడో గదిలోనే నేల మీద కూలబడతారు. ముసుగు రెబెకా విగ్రహం చూపించండి, ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక మార్గరెట్ అనే అమ్మాయి ఉన్న బొమ్మ చూపించండి, పన్నెండుకి పావుగంట ముందు గడియారం దగ్గరికి వచ్చేయండి. అప్పటికే జనం చేరి ఉంటారు. బడి పిల్లలు, బురఖాల్లో అమ్మమ్మలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, అందరి ఫోన్లూ పైకి లేచి ఉంటాయి. గంటకి కాస్త ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది. గంట కొడుతుంది. అంతమంది ఒక్కసారిగా నిశ్శబ్దం. మా చిన్నాడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని పన్నెండూ వేళ్ల మీద లెక్కపెట్టాడు, పదికే వేళ్లు అయిపోయి మిగతా రెండూ వాళ్ల నాన్న చెవుల మీద లెక్కపెట్టాడు. ఆ బొమ్మ లోపలికి వెళ్లాక "మళ్లీ ఎప్పుడొస్తాడు?" అని ఒంటిగంట దాకా అక్కడే ఉందామని గొడవ.

రామోజీ ఫిల్మ్ సిటీ ఒక రోజంతా తినేస్తుంది, ఊరికి దూరం. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకి సరే, అంతకన్నా చిన్నవాళ్లు మధ్యాహ్నానికే డీలా పడతారు. చార్మినార్ పొద్దున్నే చూసేసి రండి, సాయంత్రం లాడ్ బజార్ గాజులతో పాటు పిల్లల్ని కూడా చూసుకోవాలంటే కష్టం.

హైదరాబాద్‌కి ఉన్న అసలు ఇబ్బంది ట్రాఫిక్ కాదు, బంధువులు. ఆ ఊళ్లో చుట్టాల్లేని తెలుగు కుటుంబం ఉండదు. ఒకరింట్లో దిగితే రెండో వాళ్లకి కోపం. మియాపూర్‌లో మధ్యాహ్నం భోజనం, ఎల్బీ నగర్‌లో రాత్రి భోజనం, మధ్యలో పిల్లలు మెట్రోలో నిద్ర. మొదటిసారి నాలుగు రోజుల్లో మూడు రోజులు ఇలాగే పోయాయి. ఇప్పుడు ఊరు దాటాకే ఫోన్ చేసి చెప్తున్నాం.

చెన్నై, బెంగళూరు

మా నాయనమ్మ చెన్నపట్నం అనేది. మాకు పినాకిని ఎక్స్‌ప్రెస్ పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై, రాత్రి ప్రయాణం బాధ లేదు. నెల్లూరు, తిరుపతి వాళ్లకి మరీ దగ్గర. దూరం తక్కువ, సముద్రం ఉంది, ఇడ్లీ అంటే పేచీ పెట్టని పిల్లలుంటే తిండి బెంగా లేదు. చిన్నపిల్లలకి నేను మెచ్చేది మహాబలిపురం దారిలో ఉన్న మొసళ్ల పార్కు. 1976లో పెట్టారు. వందల కొద్దీ మొసళ్లు నోళ్లు తెరుచుకుని కదలకుండా పడుంటాయి. "ఇవి బొమ్మలా?" అని మావాడు అడుగుతుండగానే ఒకటి తోక ఆడించింది, వాడు నా చీర కుచ్చిళ్లలో దాక్కున్నాడు. అక్కడి నుంచి మహాబలిపురం వెళ్లి, జారిపోతున్నట్టుండే ఆ కృష్ణుడి వెన్నముద్ద బండని పిల్లలందరిలాగే తోసి ఫోటో దిగి వచ్చేయొచ్చు.

ఎగ్మూర్ మ్యూజియం మనవాళ్లు తప్పక చూడాలి. అమరావతి స్తూపం శిల్పాలు చాలా అక్కడున్నాయి. మా పెద్దది బడివాళ్లతో అమరావతి వెళ్లొచ్చింది కాబట్టి, "మన ఊరి దగ్గరివి ఇక్కడికెందుకు తెచ్చారు?" అని అడిగింది. అప్పుడంతా మద్రాసు ప్రెసిడెన్సీ అని, ఇంకొన్నయితే లండన్ దాకా వెళ్లాయని చెప్పాను. దాని ముఖం చూడాలి. చరిత్ర పాఠం అంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేదు. మెరీనాలో మాత్రం పిల్లల్ని నీళ్లలోకి దించకండి, అక్కడ లోతు, లాగుడు ఎక్కువ. ఇసుకలో ఆడించి, సుండల్ (శనగ గుగ్గిళ్లు) తినిపించి తీసుకురండి.

బెంగళూరు సైన్సంటే సరదా ఉన్న పిల్లలకి. కబ్బన్ పార్కు పక్కన విశ్వేశ్వరయ్య మ్యూజియంలో మీటలు నొక్కొచ్చు, చక్రాలు తిప్పొచ్చు, ఎవరూ "ముట్టుకోవద్దు" అనరు. రైట్ సోదరుల విమానానికి అంతే సైజు నమూనా ఉంది. విమానాల పిచ్చి ఉంటే వాటిని తయారుచేసే హెచ్ఏఎల్ కంపెనీ మ్యూజియం. లాల్‌బాగ్‌లో ఉన్న బండరాయి దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిదని అక్కడ బోర్డు ఉంది, "డైనోసార్ల కన్నా పెద్దదా?" అంటే "చాలా పెద్దది" అన్నాను, ఇద్దరూ దాని మీద పడుకుని చెవి ఆనించి విన్నారు, ఏం వినిపించిందో చెప్పలేదు.

కానీ బెంగళూరులో రెండు చోట్ల కన్నా ఎక్కువ ఒక రోజులో పెట్టుకుంటే మీ సెలవంతా సిగ్నళ్ల దగ్గరే. బన్నేర్‌ఘట్ట సఫారీకి ఒక రోజు పూర్తిగా రాసిచ్చేయండి. గది మెట్రో పక్కన, ఎంజీ రోడ్డు చుట్టుపక్కల ఉంటే ఆ ఊరు బాగుంటుంది, లేకపోతే అసలు వద్దు.

కోల్‌కతా: ఎవరూ చెప్పని ఊరు

పిల్లలతో కలకత్తా ఏమిటి అని అందరూ అడిగారు. మేం వెళ్లిన నాలుగింటిలో పిల్లలు మళ్లీ మళ్లీ తలుచుకునేది అదే. ఎందుకంటే అక్కడ తిరగడమే ఆట. ట్రామ్ ఉంది, ఇప్పుడు ఏవో కొద్ది దారుల్లోనే మిగిలినా ఉంది. పసుపు పచ్చ అంబాసిడర్ ట్యాక్సీలు కనుమరుగవుతున్నాయి, కనబడితే ఎక్కండి. హౌరా రేవులో లాంచీ ఉంది. దేశంలో మొదటి మెట్రో 1984లో అక్కడే మొదలైంది, 2024 మార్చి నుంచి హుగ్లీ నది కింద కూడా రైలు నడుస్తోంది.

ఆ నది కింద ప్రయాణం మా చిన్నాడికి చెప్పి తీసుకెళ్లాం. హౌరా స్టేషన్లో ఎస్కలేటర్ తర్వాత ఎస్కలేటర్, దిగుతూనే ఉన్నాం. రైలు కదిలాక వాడు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. నీలం లైట్లు వచ్చాయి, అదే నది అని పక్కనున్న బెంగాలీ పెద్దాయన చేత్తో చూపించాడు. ముప్పావు నిమిషంలో అయిపోయింది. "చేపలేవి?" అన్నాడు మావాడు. సొరంగం గోడకి అవతల ఉన్నాయని చెప్తే నమ్మలేదు. ఆవలి ఒడ్డుకి వెళ్లి లాంచీలో వెనక్కి వస్తూ, "ఇప్పుడు మన కింద రైలు పోతుందా?" అని అడిగాడు. మొత్తం నలుగురికీ ఆ పూట ఖర్చు ఒక మాల్‌లో ఐస్‌క్రీమ్ ఖర్చు కన్నా తక్కువ.

ఇండియన్ మ్యూజియం 1814 నాటిది, ఈజిప్టు మమ్మీ ఉంది. పదేళ్ల వాళ్లకి కళ్లు విప్పారతాయి, ఆరేళ్ల వాళ్లకి రాత్రి నిద్ర పట్టదు, మాకు రెండూ జరిగాయి. సైన్స్ సిటీకి ఒక రోజు. ఇబ్బంది దూరమే, విజయవాడ నుంచి దాదాపు ఇరవై గంటల రైలు. పిల్లలకి అది కూడా ఆటే, పెద్దవాళ్లకే నడుం పోతుంది. పులిహోర, చపాతీలు కట్టుకెళ్లండి.

ముంబై, ఢిల్లీ గురించి క్లుప్తంగా

పెళ్లికి ముందు రెండేళ్లు ఢిల్లీలో ఉద్యోగం చేశాను కాబట్టి చెప్తున్నా, చరిత్ర పుస్తకం తెరిచే వయసు వచ్చాకే పిల్లల్ని ఢిల్లీ తీసుకెళ్లండి. అంతకు ముందు వాళ్లకి అన్నీ ఎర్ర రాళ్లే. కోటలు, సమాధుల దగ్గర పురావస్తు శాఖ టికెట్ 15 ఏళ్లలోపు వాళ్లకి అక్కర్లేదు. చిన్నవాళ్లకి రైల్ మ్యూజియం, శంకర్ బొమ్మల మ్యూజియం. అన్నం మీద బెంగ పుడితే ఆంధ్రా భవన్ క్యాంటీన్. నవంబరులో పొగ, జనవరిలో మంచుకి రైళ్లు ఆలస్యం, ఆ రెండు నెలలూ పిల్లలతో వద్దు.

ముంబై తొమ్మిది దాటిన పిల్లలకి. గేట్‌వే దగ్గర పడవెక్కి గంట ప్రయాణంలో ఎలిఫెంటా, వర్లీలో నెహ్రూ సైన్స్ సెంటర్, బైకుల్లా రాణీ బాగ్ జూలో పెంగ్విన్లు. లోకల్ రైలు తప్పకుండా ఎక్కించాలి, కానీ మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు లోపల. ఆఫీసు వేళల్లో పిల్లలతో లోకల్ ఎక్కడమంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. గదుల అద్దెలు మిగతా ఊళ్ల కన్నా ఎక్కువ, గది మాత్రం మన ఇంట్లో వంటగదంత.

సెలవు రోజు గేటు దగ్గర

ఒక సోమవారం పొద్దున పదింటికి, నీళ్ల సీసాలు, టోపీలు, బిస్కెట్లతో జూ గేటు ముందు నిలబడ్డాం. తాళం. తప్పు మాదే, చూసుకోలేదు. చిన్నాడు గేటు ఊచలు పట్టుకుని "సింహం, బయటికి రా" అని అరిచాడు. అప్పటి నుంచి వారం సెలవులు డైరీలో రాసుకుంటున్నాను. సోమవారం హైదరాబాద్ జూ, ఎలిఫెంటా, ఇండియన్ మ్యూజియం, ఎర్రకోట, ఢిల్లీ రైల్ మ్యూజియం ఉండవు. మంగళవారం చెన్నై వండలూరు జూ, బన్నేర్‌ఘట్ట. బుధవారం రాణీ బాగ్. గురువారం కోల్‌కతా అలీపూర్ జూ. శుక్రవారం సాలార్‌జంగ్, ఎగ్మూర్ మ్యూజియం, ఢిల్లీ జూ. పండగ రోజుల్లో ఇవి మారతాయి, ముందు రోజు ఒకసారి చూసుకోండి.

గది విషయంలో మా తప్పు ఖరీదైంది. రోజుకి ఎనిమిది వందలు మిగులుతాయని ఊరి చివర బుక్ చేశాం. ఆటోలకే రోజుకి అంతకన్నా ఎక్కువైంది, పైగా దిగాక కౌంటర్ దగ్గర "పదేళ్ల పాపకి ఎక్స్‌ట్రా మనిషి" అని ఇంకో వేయి అడిగారు. పిల్లల వయసులు ముందే రాసి, మొత్తం ఎంతో మెసేజ్‌లో తెప్పించుకోండి. మధ్యాహ్నం గదికి తిరిగి రాగలిగే దూరంలో ఉండటం నక్షత్రాల కన్నా ముఖ్యం. మా లెక్క పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం గదిలో నిద్ర, సాయంత్రం పార్కో బీచో. మూడో చోటు పెట్టుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఏడ్చారు, ఒకసారి అది నేనే.

జనంలోకి వెళ్లే ముందు పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. మెట్రో తలుపు మూసుకుని విడిపోతే, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడాలి, ఎక్కలేకపోయినవాళ్లు తర్వాతి రైలుకి రావాలి. మేం ఈ మాట ఇంట్లోనే నాటకంలా ఆడించాం, చిన్నాడు తలుపు.

రైలు టికెట్ల లెక్క చాలామందికి తెలియదు. ఐదేళ్లు నిండనివాళ్లకి టికెట్ అక్కర్లేదు, బెర్త్ కావాలంటే పూర్తి ధర. ఐదు నుంచి పన్నెండు లోపు వాళ్లకి బెర్త్ వద్దంటే సగం, కావాలంటే పెద్దవాళ్ల ధరే. ఒక రాత్రి ప్రయాణమైతే సగం టికెట్‌కి ఆశపడకండి, ఆరేళ్ల పిల్లాడితో ఒకే బెర్త్ మీద పడుకుని చూస్తే తెలుస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు.

ఈసారి సంక్రాంతి దాటాక ముంబై. విజయవాడ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మా ఆడపడుచు కూడా పిల్లల్ని తీసుకుని వస్తానంది, ట్రాఫిక్ మాట ఇప్పుడు ఎత్తట్లేదు. పై బెర్త్ ఎవరిదన్న గొడవ ఇంట్లో అప్పుడే మొదలైంది.